ఆగిపోయిన ఊ

ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ అడవి సగం నిద్రలోనే ఉంటుంది. గాలంతా తీపి వాసన. ఎండ కూడా ఆకుల సందుల్లోంచి తూలుతూ దిగుతుంది. ఆ మత్తులో, లోపల అణిచిపెట్టుకున్న బాధలు వాటంతటవే పైకి తేలతాయి. అప్పుడు జంతువులు వాగు మలుపులో ఉన్న మడుగు దగ్గరికి పోతాయి. అక్కడ మెడ దాకా నీళ్లలో మునిగి, కళ్లు అరమూసి, ముసలి గేదె నల్లవ్వ ఉంటుంది.

నల్లవ్వ పని వినడం. అంతే. దున్నపోతు మీద వాన కురిసినట్టు అని వెక్కిరించే నోళ్లు ఉంటాయి, ఎక్కడైనా ఉంటాయి. కురిసి పోయిన మబ్బు ఎంత తేలికైందో ఆ నోళ్లకు కనబడదు. ఆమె విన్నది నెమరేస్తుంది, బయటికి కక్కదు.

ఆ పని నేర్చుకుంటానని కుందేలు సుంకులు వచ్చింది.

"నాకు చెవులు పెద్దవి అవ్వా."

"ఏనుగుకు చాటంత ఉన్నాయి. చెరుకుతోట వాడి గోడు ఎప్పుడైనా విందా?" అంది నల్లవ్వ. "సరే, కూచో."

మొదట గోరింక వచ్చింది. గాలికి గూడు పడిపోయిందని, గుడ్లు పగిలాయని ఏడ్చింది. సుంకులు ఊరుకుంటుందా? ఆ కొమ్మ మీద ఎందుకు కట్టావంది, పక్క చెట్టుకు మంచి చీలిక ఉందంది, అయిందేదో అయింది మళ్లీ కట్టుకో అంది. గోరింక మాట మధ్యలోనే ఎగిరిపోయింది.

"చెట్టెక్కేది అదా, నువ్వా?" అంది నల్లవ్వ. "గుడ్ల కోసం ఏడుస్తుంటే కొమ్మలు చూపించావు."

"మరేం చెయ్యాలి?"

"ఊ కొట్టు. కథ వినే పిల్లలు కొడతారే, అలాగ. నీ ఊ వాళ్లకు ఊతకర్ర కావాలి, ముక్కుతాడు కాకూడదు."

సుంకులు ఊ కొట్టడం నేర్చింది. బాగానే నేర్చింది. బాగా వచ్చిందని తనకే అనిపించింది, అక్కడే చిక్కు.

ఒక పొద్దున చుక్కల దుప్పి చుక్కమ్మ వచ్చి దాని పక్కన చేరింది. కొత్తగా ఈనిన తల్లి. కళ్ల కింద నిద్రలేని నలుపు.

"పిల్లకు ఇంకా కాళ్లు నిలవడం లేదు సుంకులూ. మేతకు పోకపోతే పాలు రావు, పోతే ప్రాణం అక్కడే ఉంటుంది."

"ఊ."

"ఈతపొదల కింద దాచాను. నీతో తప్ప ఎవరితోనూ అనలేదు."

"ఊ," అంది సుంకులు, ఇంకా మెత్తగా. చుక్కమ్మ కాసేపు కళ్లు మూసుకుని, లేచి మేతకు పోయింది.

ఆమె పొదుగు చేపుకొచ్చిన సంగతి, సుంకులు చెవిలో ఏదో చెప్పుకున్న సంగతి దూరం నుంచే కనిపెట్టినవాడు నక్క గంగులు. మధ్యాహ్నం నల్లవ్వ అవతలి ఒడ్డుకు మేతకు పోగానే, ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"సుంకులమ్మా, నాకో కల వస్తోంది. పడుకోనివ్వడం లేదు. వింటావా?"

"చెప్పు మామా. అందుకేగా ఉన్నాను."

గంగులు పూలమీద పడుకుని, కళ్లు మూసి, జోలపాడినట్టు చెప్పసాగాడు. "కలలో నేను తేలిపోతున్నాను. నేల తగలడం లేదు. ఎక్కడో ఓ పసిది ఏడుస్తోంది."

"ఊ."

"వెతుక్కుంటూ పుట్టల దగ్గరికి పోయాను. పుట్టల మీద వెన్నెల పాలలా కారుతోంది."

"ఊ."

"రెల్లుదుబ్బుల్లోకి పోయాను. రెల్లుపూలు నన్ను పేరు పెట్టి పిలిచాయి."

"ఊ."

"అక్కణ్నుంచి ఈతపొదల కిందకు..."

సుంకులు ఊ కొట్టలేదు.

ఒక్క ఊ. అది రావలసిన చోట రాలేదు. ఇప్పపువ్వు ఒకటి నీళ్లలో రాలిన చప్పుడు వినబడింది.

గంగులు కళ్లు తెరిచాడు. "అంతే తల్లీ కల. చెప్పుకున్నాక గుండె దూదిపింజైంది," అని తోక దులుపుకుని పోయాడు.

నల్లవ్వ తిరిగొచ్చేసరికి సుంకులు ఒడ్డు దాకా ఎదురొచ్చింది. జరిగింది చెప్పింది. "ఒకళ్లు నమ్మి ఒక చోటు చెప్పారు. ఆ చోటు..."

"పేరు నాకొద్దు," అంది నల్లవ్వ. "అది నీకు చెప్పుకున్న మాట, నాకు కాదు. తర్వాత?"

"నేను వాడికి ఏమీ చెప్పలేదవ్వా. నోరే విప్పలేదు."

"నువ్వు చెప్పలేదు. వాడికి తెలిసింది. రెండూ నిజమే."

"ఏమో, నిజంగా కలేనేమో. వాడూ నమ్మి చెప్పుకున్నాడు. అది మాత్రం బయటపెట్టొచ్చా?"

"ప్రాణం పోయే చోట దాపరికం లేదే పిచ్చిదానా. వాడి కల వెనక, ఆ ప్రాణం ముందు."

"అయితే నేనే పోయి పిల్లను..." అని నాలుక కరుచుకుంది.

"తల్లి ఉండగా నువ్వెవరు? పోయి ఆమెతో చెప్పు. ఏం చెయ్యాలో ఆమె చూసుకుంటుంది."

"తంతుంది అవ్వా."

"తన్నించుకో."

సుంకులు ఒక్క పరుగున పోయి, మేతలో ఉన్న చుక్కమ్మకు అంతా చెప్పింది. నా తప్పు కాదు అనే ముక్క గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

చుక్కమ్మ తన్నలేదు. "ఇక నీతో ఏదీ చెప్పను," అంది. "నీ నోటితో నువ్వే చెప్పావు కాబట్టి నీ ముఖం మాత్రం చూస్తాను." పొదల వైపు దూకింది. పిల్లను ఎక్కడికి మార్చిందో చెప్పడం నా పని కాదు. మార్చాక, నీడ కోసం తిరుగుతున్న ముళ్లపందిని పిలిచి, "వదినా, ఈతపొదల కింద చల్లగా ఉంది, నడుం వాల్చు," అంది.

ఎండ వాలుతుండగా గంగులు అక్కడికి చేరాడు. లోపల ఏదో మెత్తగా ఊపిరి తీస్తోంది. నోరూరి, మూతి పెట్టాడు.

ఆ కేక విని రెల్లుదుబ్బుల్లోని కొంగలన్నీ లేచాయి.

మూతి నిండా ముళ్లతో నేరుగా మడుగుకే వచ్చాడు. సిగ్గులేనివాడికి దారి కొత్తా? "ఇదేనా మీ ధర్మం, నల్లవ్వా? నమ్మి కల చెప్పుకుంటే నీ శిష్యురాలు ఊరంతా టముకు వేసింది. చూడు నా మూతి."

ఒడ్డున మేసే జంతువులన్నీ తలలెత్తాయి. నల్లవ్వ మెల్లగా నెమరు ఆపింది.

"నువ్వు చెప్పింది కలేగా గంగులూ?"

"కలే. కాక?"

"కలలో పోయినవాడి మూతికి ముళ్లెక్కడివి?"

గంగులు నోరు తెరిచాడు. పోయానంటే ఎందుకు పోయావంటారు. పోలేదంటే మూతి ఒప్పుకోదు. తెరిచిన నోరు మూద్దామంటే ముళ్లు అడ్డం. అలాగే వెనక్కి వెనక్కి నడిచి, పూల మత్తులో, మసకలో కలిసిపోయాడు.

మర్నాడు చుక్కమ్మ మడుగుకు వచ్చింది. నల్లవ్వ పక్కన కూచుంది, సుంకులు పక్కన కాదు. సుంకులు లేచి, ఆ మాటలు చెవిన పడనంత దూరం జరిగింది.

నీతి: పరుల గుట్టు మోసేవాళ్లు మాటనే కాదు, మౌనాన్నీ కాపలా కాయాలి.