బీరువా వెనక గోడ

ధర్మసందేహం అడిగితే పుస్తకం తెరిచే స్వాములు చాలామంది ఉన్నారు. మా గురువుగారు మాత్రం చెప్పుల కోసం వెతుక్కుంటారు. సందేహం ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్ళి చూడాలంటారు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన వెనక గొడుగు పట్టుకుని పరుగెత్తే బాధ శిష్యులది.

ఒకనాడు ఇత్తడి సామాన్ల కొట్టు సత్యలింగం వచ్చి కూర్చున్నాడు. మంచివాడు, కాస్త పిరికి. అతని ఇల్లు రెండు వాటాలు. ఒకదాంట్లో తనుంటాడు. రెండోదాంట్లో బస్సు డిపో మెకానిక్ పాపినాయుడు, అతని భార్య నరసమ్మ ఏళ్ళ తరబడి అద్దెకున్నారు. అద్దెకున్నవాళ్ళన్న మాటే గానీ, సత్యలింగం భార్య మంచాన పడ్డప్పుడు పిల్లలకి వేళకి అన్నం పెట్టి సాకింది నరసమ్మే.

"స్వామీ, బాగా నమ్మినవాళ్ళ మీద అనుమానం వస్తే ఏం చెయ్యాలి?" అన్నాడు సత్యలింగం. "రెండు వాటాలకీ మధ్యగోడ బీటలు వారింది. సరిగ్గా మా బీరువా వెనకే. రోజూ పొద్దున్నే ఇటుక పొడి రాలి ఉంటోంది. అటునుంచి తవ్వుతున్నట్టే ఉంది. అడిగితే స్నేహం పోతుంది, అడక్కపోతే ఇల్లు పోయేట్టుంది."

"మరి ఏం చేశావు?"

"బీరువాకి కొత్త తాళం వేయించానండి."

మాకు నవ్వొచ్చింది. గురువుగారు నవ్వలేదు. చెప్పులు వెతుక్కున్నారు.

ఇంటికి వెళ్ళగానే బీరువా జరిపించారు. గోడ పొట్ట ఉబ్బినట్టు ఉంది. "గోడ ఇద్దరిదీ కదా, వాళ్ళనీ పిలు," అన్నారు. సత్యలింగం పక్క వాటాకి వెళ్ళి, పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. అక్కడ సామానంతా మూటలు కట్టి ఉందట. "చూశారా స్వామీ, దొరికిపోతామని పారిపోతున్నారు," అని గొణిగాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంతలో పాపినాయుడు వచ్చి తల వంచుకు నిలబడ్డాడు. గురువుగారు గునపం తెప్పించి అతని చేతికే ఇచ్చారు.

రెండు పోట్లకి సున్నం పెళ్ళ ఊడిపడింది. లోపల వేరు ఉంది. పైన పిట్టగోడ దగ్గర్నుంచి దిగిన రావి వేరు. పైన మణికట్టంత లావు, కిందికి వచ్చేకొద్దీ పాయలు పాయలుగా విడిపోయి, ఇటుకకీ ఇటుకకీ మధ్య దారి వెతుక్కుంటూ పునాది దాకా పోయింది. గోడ బరువంతా మీద మోస్తూ, చీకట్లో, చప్పుడు లేకుండా, ఇటుకల్ని ఓపిగ్గా పక్కకి జరుపుకుంటూ వచ్చింది. కొసన పిల్లవేళ్ళు తెల్లగా, తడిగా ఉన్నాయి. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరికి దణ్ణం పెట్టానని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

"పిట్టగోడ మీద మొక్క... పీకితే పాపమని ఏటా పైన ఆకులు మాత్రం తుంచేస్తున్నాను," అన్నాడు సత్యలింగం మెల్లగా.

పాపినాయుడు ఇంకో ఇటుక లాగేసరికి అటువైపు వెలుతురు పడింది. ఆ సందులోంచి నరసమ్మ మొహం కనిపించింది. ఆమె చేతిలో చీపురు, కాళ్ళ దగ్గర ఎర్రటి ఇటుక పొడి.

"మా వైపూ రోజూ రాల్తంది అన్నియ్యా," అందామె ఏడుపు గొంతుతో. "ఖాళీ సెయ్యమని నోటితో అనలేక మీరే తవ్విస్తన్నారనుకున్నాం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని రేపు ఎల్లిపోదామనుకున్నాం."

"నన్నొక్క మాట అడగొచ్చు కదమ్మా!"

"మీరు మాత్రం అడిగారేటి?"

సత్యలింగం ఆ సందుకి నుదురు ఆనించి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాడు. పాపినాయుడు గునపం కింద పెట్టి, మూటలు విప్పడానికి వెళ్ళాడు.

గురువుగారు ఇవేవీ చూస్తున్నట్టు లేరు. వేరు మీద అరచెయ్యి వేసి, కింది నుంచి పైదాకా తేరిపార చూస్తూ ఉండిపోయారు. చివరికి అన్నారు:

"ఇన్నాళ్ళూ దీనికి నీళ్ళు పోసింది మీ మర్యాదే నాయనా."