బొంతలమ్మ బండపై ఎదురుకుట్టు పుట్టిన విధం

ఎర్రగుజ్జల కొండ దిగువన బస్సు దిగి, చేలగట్ల వెంట నడిచి వచ్చే భక్తులకు ఇక్కడ గోపురం కనిపించదు. వెడల్పైన నల్లబండ, దాని నడుమ మోకాలెత్తు రాయి కనిపిస్తాయి. ఆ రాతికి కన్నూ ముక్కూ చెక్కలేదు. మీద బొంతలు కప్పి ఉంటాయి, అంతే. ఆమే బొంతలమ్మ. తెలియనివారు పట్టుచీర కప్పబోతే పూజారమ్మ తీసి పక్కన పెడుతుంది. అమ్మకు పాతబట్టే ప్రీతి.

మాఘమాసంలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు జట్లుజట్లుగా కుట్టిన బొంతలు తెచ్చి ఈ బండ మీద పరుస్తారు. చూడవచ్చినవారు వరుసల మధ్య తిరుగుతూ, వంగి కుట్టును వేళ్లతో తడిమి చూస్తారు. కోడలి పనితనాన్ని నలుగురిలో మెచ్చుకునే అత్తలు కూడా ఆనాడు కనిపిస్తారు. అమ్మవారి మహిమల్లో అదే పెద్దదని కొందరి మాట. ఇంత సందడి జరిగే ఈ చోటి కథ మాత్రం సంతోషంగా చెప్పుకునేది కాదు.

పూర్వం ఇక్కడ రాయి ఉండేది గాని పూజ లేదు. దిగువ ఊరిలో ఓబులమ్మ, సుంకమ్మ అని ఇద్దరు నేస్తులుండేవారు. వీరూ, ఈడువాళ్లు మరికొందరూ కలిసి, ఊళ్లో ఎవరు నెలతప్పినా పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టేవారు. దానికొక కట్టుబాటు ఉంది. ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లలు తొడిగి విడిచిన బట్టలే అందులో వేయాలి. వాళ్ల ఆయువు బిడ్డకు అందుతుందని నమ్మకం. కుట్టిన బొంతను ఈ బండ మీద ఒకపూట ఎండలో పరిచి, ఊరందరికీ చూపి తల్లికి ఇచ్చేవారు.

ఒక ఏడు ఊరికి అమ్మవారు పోసింది. ఓబులమ్మ ఒక్కగానొక్క కొడుకు మశూచితో పోయాడు. పోయినవారి బట్టలన్నీ గుంతలో వేసి కాల్చమని పెద్దలు చెప్పారు. అన్నీ ఇచ్చిన ఓబులమ్మ, నీలిరంగు చిన్న చొక్కాను మాత్రం ఇవ్వలేకపోయింది. కుండలో పెట్టి మూత వేసి దాచింది. ఏ తల్లికి చేతులాడతాయి?

జబ్బు తగ్గుముఖం పట్టింది. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు సుంకమ్మ కడుపు పండింది. నేస్తులంతా బొంతకు కూర్చున్నారు. తన వాడికి ఇక ఆటలు లేవు, కనీసం వాడి గుడ్డముక్కయినా ఈ పిల్లల బట్టల నడుమ ఉండాలని ఓబులమ్మ మనసు పీకింది. చొక్కా నుండి అరచేతంత ముక్క కత్తిరించి, పైపొరకూ అడుగుపొరకూ మధ్య పెట్టి కుట్టేసింది. బండ మీద పరిచిన రోజున ఊరంతా ఆ బొంతను మెచ్చుకుంటుంటే, తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

సుంకమ్మకు ఆడపిల్ల పుట్టింది. నెల నిండకముందే పసిదాని ఒంటినిండా పొక్కులు లేచాయి. బిడ్డ దక్కలేదు. బొంతను కాల్చాలని పెద్దలు వస్తే సుంకమ్మ దాన్ని రొమ్ముకు అదుముకుంది.

"నా బిడ్డ వాసన దీంట్లో ఉండాది. దీన్ని కాల్చల్లంటే నన్నూ కాల్చండి" అంది.

ఓబులమ్మకు దిక్కు తోచలేదు. నోరు విప్పితే నేస్తాన్ని పోగొట్టుకుంటుంది. విప్పకపోతే ఆ బొంతతో నేస్తం ప్రాణమే పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని వెనక్కి తగ్గుతూ, మళ్లీ ముందుకు నడుస్తూ, చివరకు ఈ బండ మీదికి వచ్చి ఏడ్చి ఏడ్చి రాతిపక్కనే నిద్రపోయింది. కలలో రాయి ఉన్నచోట ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ముఖమంతా మశూచి గుంటలు. భుజాల మీద గుడ్డ లేదు. చలికి వణుకుతోంది.

"అది నా బట్ట, ఓబులీ. పసిదాని మీద కప్పితివి. తెచ్చి నాకు కప్పు" అంది.

ఓబులమ్మ లేచి తిన్నగా సుంకమ్మ ఇంటికి పోయి గడపలో నిలబడింది.

"అక్కా, ఆ బొంతలో మావాని చొక్కా ముక్క ఉండాది. నేనే పెడితి. వానికి తోడుంటాదనుకుంటి. నీ బిడ్డను నేనే సంపితి" అని చెప్పింది.

సుంకమ్మ కొట్టలేదు, తిట్టలేదు. కత్తితో కుట్టు విప్పింది. నీలిముక్క బయటపడింది. దాన్ని చాలాసేపు చూసి, తిరిగి అక్కడే పెట్టి, విప్పినచోట తానే కుట్టింది. తరువాత బొంత తీసుకుని బండ ఎక్కింది. ఓబులమ్మ వెనకే నడిచింది. సుంకమ్మ రాతికి బొంత కప్పి, "ఇద్దురు పిల్లోళ్లూ నీకాడనే ఉండారు. సూసుకో తల్లీ" అని రాతితో అంది.

సుంకమ్మ బతికింది. బతికినంతకాలం ఓబులమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. అయినా మరుసటి ఏడు ఇంకొకరి బిడ్డకు బొంత కుట్టడానికి పరిచినప్పుడు, వచ్చి ఓబులమ్మకు ఎదురుగా కూర్చుంది. ఆమె ఆ అంచు నుండి, ఈమె ఈ అంచు నుండి నడుమకు కుట్టుకుంటూ వచ్చారు.

ఆ తొలి బొంత నేటికీ రాతిని అంటి, అన్నిటికంటే అడుగున ఉంది. దాన్ని ఎవరూ తీయరు. ఏటేటా దానిపై కప్పే కొత్త బొంతను భక్తులు ఇక్కడే కలిసి కుడతారు. ముక్క తెచ్చినవారు అది ఎవరిదో, ఆ మనిషి ఉన్నారో పోయారో పైకి చెప్పి వేయాలి. పోయినవారి బట్ట అమ్మ బొంతలోకే పోతుంది, పసిబిడ్డల బొంతలోకి పోదు. మాటలు లేని ఇద్దరుంటే వారిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. అదే ఎదురుకుట్టు. ఈ సేవ చేసిన ఇంట పసివాళ్లకు జబ్బు సోకదనీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నిద్ర పడుతుందనీ ఫలశ్రుతి. కుట్టినవారు మళ్లీ మాట్లాడుకుంటారని మాత్రం అందులో లేదు. ఓబులమ్మకే దక్కలేదు గనుక, ఆ వరం ఇక్కడ అడగరాదు.