పాయసం గుండిగ తీర్పు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివారు నొచ్చుకుంటారు గనుక రాజ్యం పేరు వద్దులెండి, చండకేతుడనే రాజు ఉండేవాడు. తనంతటి ధర్మప్రభువు భూమ్మీద లేడని ఆయన గట్టి నమ్మకం. తన విందుల్లో పంక్తిభేదం ఉండదనీ, తనకు వడ్డించిందే కడపటి విస్తరికీ వడ్డిస్తారనీ పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఆ ఊళ్లో రత్నయ్యశెట్టి అనే బట్టల వర్తకుడు సరుకు ఓడలు మునిగి దివాలా తీశాడు. రాజుగారికీ బాకీ, నేతగాళ్లకూ బాకీ. కొట్టు మూసేముందు ఆ మహానుభావుడు మిగిలిన బంగారమంతా మూటగట్టి రాజుగారి బాకీ తీర్చేశాడు. రాజు కోపం తప్పితే చాలుననుకున్నాడు. మర్నాడు నేతగాళ్లు వెళ్లేసరికి కొట్లో ఖాళీ పెట్టెలు తప్ప ఏమీ లేవు.

నేతగాళ్ల తరఫున ఓబులమ్మ అనే ముసలామె సభకొచ్చి మొరపెట్టుకుంది. "నూలు కొనడానికి చిల్లిగవ్వ లేదు దొరా. మగ్గాలు అమ్ముకుని వలసపోవడమే మా గతి."

రాజు మీసం దువ్వాడు. "నా బాకీ నాకు ముట్టింది. ఇచ్చినవాడు ఇష్టపడే ఇచ్చాడు. ఇందులో అధర్మం ఏముంది?"

ఆస్థాన విదూషకుడు గవరన్నకు ఒళ్లు మండింది. ఓబులమ్మ కన్నీళ్లు చూశాక అన్నం సయించలేదు. కానీ రాజుతో ఎదురు వాదిస్తే తల దక్కదు. అందుకే చేతులు కట్టుకుని, రేపటి విందులో వంట, వడ్డన తనకు అప్పగించమని మాత్రం వేడుకున్నాడు.

మర్నాడు రాజుగారి వియ్యాలవారు పంక్తిలో కూర్చున్నారు. పప్పూ కూరలూ సవ్యంగానే సాగాయి. పాయసం మాత్రం గవరన్న కావాలనే కొంచెం వండించాడు. గుండిగలోకి తొంగిచూసి, "అడుగంటిపోతోందే" అని అందరికీ వినబడేలా గొణిగి, ఉన్నదంతా రాజుగారి వెండి గిన్నెలో దిమ్మరించాడు. ఆనక వియ్యంకుడి ముందు నిలబడి, "పాయసం అయిపోయింది దొరా, మజ్జిగ పోసుకోండి" అన్నాడు.

వియ్యంకుడి ముఖం మాడిపోయింది. రాజుకు తల కొట్టేసినట్టయింది.

"ఏమిట్రా ఈ పని? నేనింకా ముట్టుకోలేదు. ఈ గిన్నె తీసుకెళ్లి అందరికీ తలా కాస్త వడ్డించు."

"తమ గిన్నెలో పడింది తమదే గదా ప్రభూ. వడ్డించినవాణ్ణి నేను, ఇష్టపడే వడ్డించాను."

"అడుగంటిందని తెలిసీ ఒక్కడికే కుమ్మరిస్తే అది వడ్డన ఎలా అవుతుంది? పంక్తిలో ఉన్నవాళ్లందరి పాయసం అది. గుండిగలో తిరిగి పొయ్యి. అందరితోపాటే నాకూ ఓ గరిటె వెయ్యి."

గవరన్న వినయంగా గిన్నె అందుకున్నాడు. "రత్నయ్యశెట్టి కొట్టు విషయంలోనూ ఇదే తీర్పు రాయించమంటారా ప్రభూ?"

పంక్తిలో చేతులన్నీ ఆగిపోయాయి. రాజు ముఖం ఎర్రబడింది. గవరన్న చేతిలోని గిన్నెకేసి చూస్తూ మెల్లగా అడిగాడు. "మరి శెట్టి నిరుడే నా బాకీ తీర్చి ఉంటే?"

"నిరుడు గుండిగ నిండుగా ఉంది. తమకు ముందు వడ్డిస్తే ఎవరికేం లోటు?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. బంగారం మూట తిరిగి కొట్టుకు చేరింది. బాకీలను బట్టి అందరికీ వంతులు పడ్డాయి, రాజుకూ పడింది. నేతగాళ్లకు రావలసినదంతా రాలేదు గాని నూలుకు సరిపడా వచ్చింది. ఒక్క మగ్గమూ ఊరు దాటలేదు.

రాజు నిండుసభలో తన కంకణం తీసి గవరన్న ముందు పట్టాడు. గవరన్న చెయ్యి చాపలేదు. కోశాధికారి వైపు తిరిగి అడిగాడు.

"అయ్యా, ఖజానా నిండుగానే ఉంది కదా? లేకపోతే ఇప్పుడే చెప్పండి. రేపు వెనక్కివ్వాల్సిన సొమ్ము ఇవాళ తొడుక్కోవడం దేనికి?"

ఈసారి రాజు ఇంకా గట్టిగా నవ్వి, కంకణం తనే గవరన్న చేతికి తొడిగాడు.