తోడు పెట్టిన పాలు

వకుళకు కుడి పిక్క పట్టేసింది. పరుగు పందేనికి నెల కూడా లేదు.

ఆమె ఊళ్ళోని కాలేజీలో లెక్కలు చెబుతుంది. నలభై దాటాక పరుగు మొదలుపెట్టింది. పోయినేడు హాఫ్ మారథాన్‌కు పేరిచ్చి, నల్లగుట్ట మలుపు దగ్గర కాళ్ళు కొంకర్లు పోయి కూలబడింది. ఆగిపోయినవాళ్ళను ఎక్కించుకోవడానికి పందెం చివర ఒక వ్యాను వస్తుంది. అందులో ఇల్లు చేరింది. "మేడం, ఈసారి కాళ్ళ మీదా, వ్యానులోనా?" అని పిల్లలు ఇప్పటికీ అడుగుతారు.

ఈసారి ఆ వ్యాను ఎక్కకూడదు. గెలవాలని ఆమెకు లేదు. ఇంతే కోరిక.

డాక్టరు పిక్క నొక్కి చూశాడు. "కండరం కొద్దిగా దెబ్బతింది. రెండు వారాలు పరుగు ఆపండి, దానంతటదే మానుతుంది. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టండి" అన్నాడు.

వకుళ ఆపింది. కానీ మానుతోందో లేదో తెలియాలి కదా! మర్నాడు వరండాలో మునివేళ్ళ మీద నిలబడి చూసింది. ఆ మర్నాడు కాలేజీ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి చూసింది. ఇంకో రోజు పొద్దున నొప్పి లేదనిపించింది. నిజంగానే లేదా అని బస్టాండు దాకా పరుగెత్తి చూసింది. కుంటుతూ ఇంటికొచ్చింది.

నల్లగుట్ట మీద ఒక దర్గా ఉంది. అక్కడి పెద్దాయనను అందరూ షా బాబా అంటారు. పరుగెత్తుకుంటూ గుట్టెక్కి ఆయనను మంచినీళ్ళడిగిన రోజు నుంచీ వకుళ ఆయన శిష్యురాలు. ఆయన ఆమెకు ఏమీ బోధించలేదు. పరుగయ్యాక వచ్చి కాసేపు కూర్చునేది, అంతే.

ఆ బుధవారం పొద్దున ఆమె మొదటిసారి ఆటోలో గుట్టెక్కింది.

"చెమట లేకుండా వచ్చావే!" అన్నారు బాబా.

దర్గాలో వంట చేసే మహబూబ్‌బీ పొయ్యి మీద పాలు కాస్తోంది. ఆటో వైపు, వకుళ వైపు మార్చి మార్చి చూసింది. "గుర్రమే బండెక్కి వచ్చింది బాబా" అంది.

వకుళ నవ్వలేదు. "బాబా, పరుగెత్తితే కాలు పోతుంది. కూర్చుంటే ఇన్నాళ్ళూ నేర్చుకున్న పరుగు పోతుంది. పందెం దగ్గరికొచ్చేసింది. నన్నేం చెయ్యమంటారు?"

బాబా పొయ్యి వైపు చూశారు. గురువారం గుట్టెక్కిన వాళ్ళందరికీ ఆ దర్గాలో మజ్జిగ పోస్తారు. చలికాలం పాలు తొందరగా తోడుకోవని, బుధవారం పొద్దున్నే తోడు పెడతారు.

"ఈ రోజు తోడు నువ్వు పెట్టమ్మా" అన్నారు. "సాయంత్రానికి గట్టి పెరుగు కావాలి. బాధ్యత నీదే."

"మరి నా కాలు?"

"ముందు పాలు."

మహబూబ్‌బీ పాలు రెండు గిన్నెల్లోకి సమంగా వంచింది. ఒకటి వకుళ ముందు పెట్టింది. రెండోది బాబా పట్టుకుని తన గదిలోకి వెళ్ళారు.

వకుళ ఏ పనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేసే మనిషి. పాలలో వేలు ముంచి, గోరువెచ్చన అయ్యేదాకా ఆగింది. చెంచాతో కొలిచి మజ్జిగ చుక్క వేసింది. మూత పెట్టి, కంబళి చుట్టి, గాలి తగలని మూల చూసి పెట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

కాసేపటికి మూత తీసి చూసింది. పాలు పాలలాగే ఉన్నాయి.

ఇంకాసేపటికి గిన్నె కొంచెం వంచి చూసింది. తొణికాయి. తోడు చాలలేదేమోనని ఇంకో చెంచా వేసి కలిపింది. మూల చల్లగా ఉందేమోనని గిన్నెను ఎండలోకి మార్చింది. ఎండ ఎక్కువైందేమోనని మళ్ళీ లోపలికి తెచ్చింది. చెంచా కొసతో అంచు దగ్గర కొద్దిగా తీసి చూసింది. ఆ అంచు ఒక్కటే అలా ఉందేమోనని నడిమధ్యలో కూడా తీసి చూసింది.

మహబూబ్‌బీ బియ్యం ఏరుతూ ఇదంతా గమనిస్తోంది. "ఏందమ్మా, జ్వరమొచ్చిన బిడ్డ కాస్త కునుకు తీస్తే, తగ్గిందా తగ్గిందా అని నుదురు తడిమి లేపే రకమా నువ్వు?"

"మా పిల్లలకు అలాగే చేశాను" అంది వకుళ నిజాయితీగా.

"పాపం పిల్లలు!"

పొద్దు వాలే వేళకు బాబా వచ్చి మూత తీశారు. పైన పలచటి నీళ్ళు, అడుగున పలుకులు పలుకులుగా ఏదో ఉంది. పాలూ కాదు, పెరుగూ కాదు. వకుళ ముఖం పాలిపోయింది.

"నేను ఒక్క క్షణం కూడా దీన్ని వదల్లేదు బాబా!"

"చూశాను" అన్నారు ఆయన.

"రేపు వచ్చేవాళ్ళకు మజ్జిగెట్లా?"

"కంగారు పడకు. ఇది పులుసు పెట్టేస్తాలే, మనమే తిందాం" అంది మహబూబ్‌బీ గిన్నె అందుకుంటూ. "బాబా, మీ గిన్నె ఏదీ?"

బాబా గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి రెండో గిన్నె తెచ్చారు. పాత శాలువా చుట్టి ఉంది. మూత తీసి గిన్నెను పక్కకు వంచారు. పెరుగు కదల్లేదు. ఇంకా వంచారు. రాయిలా నిలబడింది.

వకుళ కళ్ళు పెద్దవి చేసి చూసింది. "దీన్ని మీరు ఎన్నిసార్లు చూశారు బాబా?"

"దేన్ని?" అన్నారు బాబా.

"ఈ గిన్నెనే!"

"ఓ, ఇదా!" ఆయన గడ్డం నిమురుకున్నారు. "పొద్దున పెట్టాను కదా. ఆ తర్వాత ఎవరో వచ్చారు, మాట్లాడుకున్నాం. నిద్ర కూడా పట్టింది. మహబూబ్‌బీ అడిగేదాకా జ్ఞాపకమే లేదు."

మహబూబ్‌బీ పకపకా నవ్వింది. వకుళ గిన్నె వంక చాలాసేపు చూసింది. తర్వాత తన పిక్క వంక చూసుకుంది. ఆ రాత్రి వాళ్ళతో పాటు కూర్చుని పులుసన్నం తింది. బాగుంది కూడా.

వెళ్ళేటప్పుడు ఆటో దాకా దర్గా మెట్లు ఒక్కొక్కటే దిగింది.

ఆ తర్వాత ఆమె కాలిని ఏమీ అడగలేదు. పేపర్లు దిద్దింది. మధ్యాహ్నాలు పడుకుంది. వరండాలో మునివేళ్ళ మీద నిలబడాలని ఒకటి రెండుసార్లు అనిపించింది, వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోసింది. డాక్టరు చెప్పిన గడువు అయ్యాక బూట్లు వేసుకుని, కూరగాయలకు పోతున్న ముసలమ్మలా తాపీగా మొదలుపెట్టింది. పిల్లలు చూసి ఈలలు వేశారు. వేసుకోనీ అనుకుంది.

పందెం రోజు తెల్లవారేసరికి నల్లగుట్ట మలుపులో, మంచినీళ్ళిచ్చేవాళ్ళ పక్కన, దర్గా వాళ్ళు కూడా బల్ల వేశారు. మజ్జిగ బాన వెనక బాబా, గరిటె పట్టుకుని మహబూబ్‌బీ.

వకుళ బాగానే వచ్చింది. ఊపిరి సమంగా ఉంది. ముఖం వెలుగుతోంది. కానీ సరిగ్గా ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి అడుగులు తగ్గాయి. ఎక్కడో వెనక వ్యాను హారన్ మోగింది. ఆమె ఆగింది. వంగి, కుడి పిక్క పట్టుకుంది.

"ఏందమ్మా, వ్యాను కోసం చూస్తున్నావా?" అని అరిచింది మహబూబ్‌బీ.

బాబా గ్లాసుతో దగ్గరికొచ్చారు. "నొప్పా?"

"లేదు బాబా." వకుళ పిక్క వదల్లేదు. వేళ్ళతో అక్కడా ఇక్కడా నొక్కుతూనే ఉంది. "ఉందేమోనని..."

 బాబా గ్లాసు ఆమె చేతిలో పెట్టారు. ఆమె తాగుతుంటే వెనక్కి నడిచి, బాన పక్కన పెట్టిన మూత తీసుకుని, ఆమె వైపే చూస్తూ, బాన మీద మెల్లగా బోర్లించారు.

వకుళకు నవ్వు ఆగలేదు. నోట్లోని మజ్జిగ ముక్కులోకి పోయి పొలమారింది. నవ్వుతూ, దగ్గుతూ, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి పరుగందుకుంది. మలుపు దాటింది. పోయినేడు కూలబడిన చోటు కూడా దాటింది. ఆగలేదు.

ఆమె కనుమరుగయ్యేదాకా మహబూబ్‌బీ గరిటె పట్టుకుని చూస్తూ నిలబడింది.

"చివరిదాకా పోతుందంటారా బాబా?"

బాబా అప్పటికే మూత తీసి, వెనక వచ్చినవాళ్ళకు మజ్జిగ పోస్తున్నారు.

"ఎవరు?" అన్నారు.