మంచు దేశానికి వెళ్ళిన ఊఁ

అనగనగా ఒక ఊళ్ళో ఒక గొంతు ఉండేది. మనిషి లేదు, ఒట్టి గొంతే. అదిగో, అప్పుడే దుప్పటి మొహం మీదకి లాక్కున్నావు! దయ్యం కాదే తల్లీ, రేడియో. కథ వినేదానివి ఊఁ కొట్టాలి మరి. కొట్టకపోతే నువ్వు వింటున్నావో, గుర్రు పెడుతున్నావో నాకెలా తెలుస్తుంది?

ఆ రేడియో వరాలమ్మది. అప్పడాలు ఒత్తి అమ్ముకునేది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒంటి మనిషి. వాళ్ళ మేనమామ ఓడ మీద వంటవాడు. ఆ పని మానేసి వచ్చేస్తూ ఆ రేడియో తెచ్చి ఆవిడకిచ్చాడు. షార్టువేవు రేడియో అది. ముల్లు వెంట్రుకవాసి జరిగితే చాలు, దేశం మారిపోయేది.

పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టి, దాని కొస తెచ్చి రేడియోకి తగిలించింది. ఆ తీగ మీద ఎవరైనా తడిబట్ట ఆరేశారో, అయిపోయారన్నమాటే! "నా దేశాలన్నీ తడిసిపోతున్నాయి, తియ్యండర్రా!" అని అప్పడాల కర్ర పుచ్చుకుని వచ్చేది.

రోజూ సాయంత్రం పిండి చేతులు కడుక్కుని ముల్లు తిప్పేది. ఒకచోట గంటలు మోగేవి. ఇంకోచోట ఎవరో పెళ్ళిపాటలాంటిది పాడేవారు, ఏ భాషో ఏమో. అర్థం కాకపోయినా వరాలమ్మ తల ఊపుతూ వినేది. ఆ తర్వాత సరిగ్గా ఏడింటికి, చిటపట చప్పుళ్ళలోంచి తెలుగు వచ్చేది.

"నమస్కారము శ్రోతలారా! మీరందరును భుజించితిరా? నేను అన్నా."

మొదటిసారి విని వరాలమ్మ పడీపడీ నవ్వింది. గొంతేమో ఆడమనిషిది, పేరేమో అన్నా! ఎక్కడో మంచు దేశంలో పుట్టి, పుస్తకాలు చూసి తెలుగు నేర్చుకున్న మనిషి పాపం. "ఆడదానివి అన్నవెలా అవుతావమ్మా, వదినవి గానీ" అని, అన్నావదిన అని పేరు పెట్టేసింది.

మంగళవారం మంగళవారం అన్నావదిన వాళ్ళ దేశపు కథ చెప్పేది. అప్పుడు వరాలమ్మ అప్పడాల పీట పక్కన పెట్టి, రేడియో దగ్గరకి జరిగి ఊఁ కొట్టేది. నవ్వకు. నలభై ఏళ్ళ మనిషికి కథ చెప్పేవాళ్ళు ఎవరున్నారు చెప్పు? ఆ గొంతంటే ఆవిడకి ప్రాణం.

ఇలా ఉండగా ఒకరోజు అన్నావదిన ఒక కబురు చెప్పింది.

"శ్రోతలారా, ఏడాదిగా మాకు తెలుగువారి ఉత్తరము ఒక్కటియు రాలేదు. వినువారే లేరని మా పెద్దలు అనుచున్నారు. రెండు నెలలు చూచి ఈ కార్యక్రమము ఆపివేయుదురట. వినుచున్నచో వ్రాయుడు" అని చిరునామా చెప్పింది.

వరాలమ్మ మర్నాడే బడి పంతులు అవధానిగారి దగ్గరకి పరిగెత్తింది. తనకి రాయడం వచ్చు, కానీ అక్షరాలు వంకరటింకర. పరాయి దేశం పంపాలంటే సిగ్గు. పంతులుగారు "వాగ్దేవీ, గానకోకిలా" అంటూ నాలుగు పేజీలు పొగిడారు. ఆ ఉత్తరం చేరేసరికి ఇరవై రోజులు పట్టింది.

అప్పుడు రేడియోలో అన్నావదిన అంది: "ఒక ఉత్తరము వచ్చినది. కానీ మా పెద్దలు నమ్మలేదు. పొగడ్త వినకనే వ్రాయవచ్చునట. ఏ రోజున ఏమి వింటిరో, ఎట్లు వినబడినదో వ్రాయవలెను."

సరే, రెండో ఉత్తరం. అంతకు ముందు మంగళవారం కథ సగంలో ఉండగా గొంతు ఠక్కున ఆగిపోయింది. అయినా వరాలమ్మ పంతులుగారితో ఏం రాయించిందో తెలుసా? "మంగళవారం కథ మొదట్నించి చివరిదాకా చక్కగా వినిపించింది" అని! సగంలో ఆగిందన్నావు కదా, ఇదేమిటమ్మా అని ఆయన అడిగితే, "ఒకరింటికి భోజనానికి వెళ్ళి పులుసులో ఉప్పు లేదంటామా పంతులుగారూ?" అంది. అదీ ఆవిడ మొహమాటం.

మళ్ళీ ఇరవై రోజులకి జవాబు వినపడింది. "ఆ మంగళవారము మా యంత్రము చెడి కథ సగములో ఆగినది. ఈమె చివరిదాకా ఎట్లు వినెను? అసలు వినుటయే లేదని పెద్దలు నవ్వినారు."

వరాలమ్మకి ఏడుపొచ్చింది. ఒక్కరోజు మానకుండా వినే తన్ని పట్టుకుని, వినడం లేదంటారా! తప్పు తనదే, ఎవరిననుకుంటుంది? గడువింక ఇరవై రోజులే ఉంది. ఈసారి పంతులుగారి దగ్గరకి వెళ్ళలేదు. కళ్ళు తుడుచుకుని, తన వంకరటింకర అక్షరాలతో తనే రాసింది.

"అన్నావదినా, తప్పయిపోయింది. మర్యాదకి అబద్ధం రాయించాను. ఆ మంగళవారం నీ గొంతు మొదట పోపులో ఆవాల్లాగా చిటపటలాడింది. తర్వాత ఉయ్యాల ఊగినట్టు దగ్గరకొచ్చింది, దూరం పోయింది. ముసలి నక్క గడ్డకట్టిన ఏటి మీద నడుస్తోందన్నావు. మూడో అడుగు వేసింది, మంచు టక్కుమంది అన్నావు. నేను ఊఁ అన్నాను. నువ్వు మరి పలకలేదు. పైవారం వేరే కథ ఎత్తుకున్నావు. నక్క మునిగిందా, బతికిందా? నేనిక్కడ ఊఁ పట్టుకుని కూర్చున్నాను. ఇట్లు, వరాలమ్మ."

ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకుంది. ఆఖరి రోజు రానే వచ్చింది. ఏడయింది. చిటపటలే గానీ గొంతు లేదు. వరాలమ్మ ముల్లు ఇటు జరిపింది, అటు జరిపింది, మళ్ళీ ఇటు జరిపింది.

"శ్రోతలారా!" అంది అన్నావదిన. కాస్త ఆగి, "వరాలమ్మగారూ!" అంది.

తన పేరే! రేడియోలో!

"నేటి ఉదయము మీ ఉత్తరము చేరినది. ఆ కథ ఎచ్చట ఆగెనో, విన్నవారికి తప్ప తెలియదు. మా పెద్దలకు చదివి వినిపించితిని. వారేమనిరో తెలియునా? 'తరువాత నక్క ఏమైనది?' అనిరి. కార్యక్రమము ఆగదు వరాలమ్మగారూ. ఊఁ అను మాట నా పుస్తకములలో లేదు. మీ వలన నేర్చితిని. ఇక వినుడు. ముసలి నక్క మూడవ అడుగు వేసెను. మంచు టక్కుమనెను..."

అని ఆగిపోయింది. యంత్రం చెడలేదు, ఆవిడే ఆగింది.

వరాలమ్మకి కళ్ళు నిండిపోయాయి. రేడియోకి బుగ్గ ఆనించి "ఊఁ" అంది. అంత దూరం ఎలా వినపడుతుంది అమ్మమ్మా అంటావు. వినపడదే పిచ్చితల్లీ. అయినా ఆగింది, ఆ ఊఁ కోసం. ఆగి, అప్పుడు చెప్పింది: "నక్క అవతలి గట్టు చేరెను."

ముల్లు దేశానికి, గొంతు గాలికి,
నక్క గట్టుకి, ఊఁ నా చెవికి,
కథ కంచికి, కళ్ళు నిద్దరకి,
మనమిద్దరం మనింటికి.