ఇద్దరి పరుగు

విజయనగరంలో దక్షిణామూర్తి అనే లెక్చరర్ ఉండేవాడు. టెన్నిస్ అంటే అతనికి ప్రాణం, పరుగంటే మాత్రం ఒళ్లు బరువు. రాకెట్ పట్టాడంటే బంతి అతను చెప్పిన మాట వినేది. కానీ సాయంత్రం క్లబ్బులో మిగతావాళ్లు ఆటకి ముందు కోర్టు చుట్టూ పరుగెడుతుంటే, తను కుర్చీలో కూర్చుని టీ తాగేవాడు. "చేత్తో ఆడే ఆటండీ ఇది, కాళ్లతో కాదు" అనేవాడు.

డబుల్స్‌లో అతని జోడీ గవర్రాజు. కలప అడితి నడుపుకునేవాడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పట్నుంచీ ఇద్దరూ ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. బంతి కాస్త దూరంగా పడితే చాలు, దక్షిణామూర్తి నిలబడ్డ చోటినుంచే "నీదే బావా" అని కేకేసేవాడు. గవర్రాజు పరుగెత్తి తీసేవాడు. చప్పట్లు మాత్రం దక్షిణామూర్తి కొట్టే ఆఖరి దెబ్బకి పడేవి.

ఒక ఏడాది గవర్రాజుకి మోకాలు నొప్పి పట్టుకుంది. డాక్టరు చూసి, ఆట తీరు అడిగి తెలుసుకుని, "మీ వంతు మీరు పరుగెత్తితే ఇంకా చాలా ఏళ్లు ఆడుకోవచ్చు. ఇద్దరి పరుగూ మీరే పెట్టారో, మోకాలు దక్కదు" అన్నాడు.

గవర్రాజు ఆ మాటే దక్షిణామూర్తికి చెప్పాడు. "దసరాకి పోటీలున్నాయి. ఈలోగా రోజూ పొద్దున్నే నాతో పరుగుకి రా బావా, దమ్ము పెంచుకో. ఈ ఆట తప్ప నాకు వేరే సరదా లేదని నీకు తెలుసుగా."

"రాకేం? రేపట్నుంచే చూడు" అన్నాడు దక్షిణామూర్తి.

నాలుగు రోజులు వచ్చాడు. తర్వాత చినుకులన్నాడు, ఆ తర్వాత పరీక్ష పేపర్లన్నాడు. పాపం, గవర్రాజు మళ్లీ అడగలేదు. అడిగితే దెప్పినట్టుంటుందని మొహమాటపడ్డాడు.

పోటీల్లో ఫైనల్ మూడో సెట్టుకి వెళ్లింది. దక్షిణామూర్తికి అప్పటికే ఆయాసం వచ్చేసింది, నోరు ఎండిపోయింది. అవతలివాళ్లు అది కనిపెట్టి, అతని వైపే నెట్ పక్కన బంతిని మెల్లగా దించారు. అతనికి అది నాలుగడుగుల దూరం.

"నీదే బావా" అన్నాడు.

గవర్రాజు కోర్టు వెనక మూలనుంచి ఉరికి వచ్చాడు. బంతి తీశాడు కూడా. కానీ మోకాలు మెలితిరిగి మట్టిలో కూలిపోయాడు. లేపడానికి నలుగురు పట్టుకోవలసి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక నడక వచ్చింది గాని, ఆట ఇక రాలేదు.

దక్షిణామూర్తి సిగ్గుతో కుమిలిపోయాడు. అప్పుడు మొదలుపెట్టాడు పరుగు. ఎండా వానా చూడలేదు. ఏడాది తిరిగేసరికి మూడు సెట్లూ అలుపు లేకుండా ఆడగలిగాడు.

ఒక సాయంత్రం కొత్త జోడీతో ఆడుతుంటే, మళ్లీ అలాగే నెట్ పక్కన బంతి పడింది. "నాదే" అంటూ ఉరికి తీశాడు. తీసి, కోర్టు బయటికి చూశాడు. ఒకప్పుడు తను టీ తాగిన కుర్చీలో గవర్రాజు చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"బాగా పరుగెత్తావు బావా" అన్నాడు గవర్రాజు.

దక్షిణామూర్తికి ఆ మెచ్చుకోలు తిట్టులా తగిలింది. రాకెట్ కింద పెట్టి వచ్చి అతని పక్కన కూలబడ్డాడు. "ఈ నాలుగడుగులు ఆ రోజు వెయ్యలేకపోయాను" అంటూ ఏడ్చాడు. గవర్రాజు అతని భుజం మీద చెయ్యి వేశాడు. పర్లేదని మాత్రం అనలేదు.

నీతి: ఇద్దరు కలిసి చేసే పనిలో మన వంతు సాధన మనం ఎగ్గొడితే, ఆ బరువు మనల్ని నమ్ముకున్నవాడి మీద పడుతుంది, తర్వాత ఎంత కష్టపడినా దాన్ని దించలేం.