క్యాబేజీ మడిలో పడ్డ ప్రభువు

జర్మనీ దేశంలో, ఒక పెద్ద నది ఒడ్డున, ఎర్లెన్‌ఫుర్ట్ అనే ఊరుండేదట. ఆ ఊరికి చెప్పుకోదగ్గ పొలాల్లేవు, గనుల్లేవు. దక్షిణాన కొండల నుంచి ఉప్పుబండ్లు దిగేవి, ఉత్తరం నుంచి చేపల పడవలు వచ్చేవి. రెండూ కలిసే రేవు కాబట్టే అక్కడ ఊరు వెలిసింది, సత్రాలు లేచాయి, నలుగురికీ ఇంత కూడు దొరికింది.

ఆ ఊరి ప్రభువు ఓట్‌విన్‌కు ఒళ్ళంతా గొప్పలే. అక్కడ ఒక పాత ఆచారం ఉండేది. బండి బోల్తాపడి అందులో ఉన్నది నేలను తాకిందంటే, ఇక ఆ బండీ, అందులో ఉన్నదీ ఆ నేల యజమానివే. బాట ప్రభువుది. ఇంకేం, ఆయన బాట బాగుచేయించడమే మానేశాడు. గుంటలు పెరిగాయి, బండ్లు పడ్డాయి, ఆయన కొట్లు నిండాయి. వర్తకులేమన్నా వెర్రివాళ్ళా? చల్లగా వేరే ఊరి దారి పట్టారు.

ఒకనాడు హెడ్‌విగ్ అనే ఆవిడ ఉప్పుబండి ఆ గుంటల్లో పడింది. మగడు పోయాక ఆవిడకు ఆ బండే ఆధారం. భటులొచ్చి బండీ ఉప్పూ తోలుకుపోయారు. పాపం, కొలువుకు వచ్చి కాళ్ళావేళ్ళా పడింది. ప్రభువు కరిగితేనా! ఇది తాతలనాటి చట్టం, నేల ఎవరిదైతే సొత్తు వాళ్ళది, నేనైనా దానికి బద్ధుణ్ణే అని మీసం దువ్వాడు.

కొలువులో వెండెలిన్ అనే హాస్యగాడున్నాడు. ఆవిడ ఏడుస్తూ పోతుంటే అతను వెంట వెళ్ళి, ఇల్లెక్కడో అడిగి తెలుసుకున్నాడు.

కొన్నాళ్ళకు, రేవెందుకు బోసిపోయిందో చూద్దామని ప్రభువు బగ్గీ ఎక్కాడు. వెంట వెండెలిన్ ఉన్నాడు. దారిలో పెద్ద గుంట అడ్డొచ్చింది. పక్కనే హెడ్‌విగ్ పెరడుంది, అటుగా పోదామని వెండెలిన్ వినయంగా మనవి చేశాడు. ప్రభువు సరేనన్నాడు. వానకు నాని ఉన్న క్యాబేజీ మడిలో చక్రం దిగబడింది, బగ్గీ ఒరిగింది, ప్రభువు బోర్లా పడ్డాడు.

భటులు లేవదీయబోయారు. వెండెలిన్ అడ్డం నిలబడ్డాడు.

"ఆగండయ్యా. పరాయి సొత్తు ముట్టుకోకూడదు. ప్రభువులవారు నేలను తాకారు. నేల హెడ్‌విగ్‌ది. కనుక ఆయనా ఆవిడ సొత్తే."

చప్పుడు విని బయటికొచ్చిన హెడ్‌విగ్, తన సొత్తును కిందికీ మీదికీ చూసింది.

"నాకెందుకయ్యా ఈయన? బండి లాగుతారా, బస్తా మోస్తారా? కూర్చోబెట్టి మేపడం నా వల్ల కాదు. నా ఉప్పుబండి నాకిచ్చి ఈయన్ని పట్టుకుపోండి."

ప్రభువు మొహం కందగడ్డయింది. "ఏమయ్యా వెండెలిన్, నా విలువ ఒక ఉప్పుబండా?"

"తక్కువేం కాదు ప్రభూ. మీ బాట పుణ్యమా అని ఊళ్ళో ఉప్పు మహా ప్రియమైపోయింది."

భటులు కత్తుల మీద చేతులు వేశారు. అంతలో ప్రభువు ఆ బురదలోనే లేచి కూర్చుని, పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. అమ్మయ్య అనుకున్నారంతా. ఆయన వేలి ఉంగరం తీసి వెండెలిన్‌కిచ్చాడు. ఆ ఆచారం నేటితో చెల్లన్నాడు. గుంటలన్నీ పూడ్పించమన్నాడు, ఉప్పుబండి తెమ్మని భటుణ్ణి తరిమాడు. హెడ్‌విగ్‌కు గుండెల మీది బరువు దిగిపోయింది.

ఇక ప్రభువు బట్టలు దులుపుకుంటూ లేవబోయాడు.

"బండి రానివ్వండి బాబూ, తొందరేముంది" అంది హెడ్‌విగ్.

ప్రభువు మళ్ళీ మడిలో కూర్చున్నాడు. బండి వచ్చేదాకా లేవలేదు.